నాలుగు గంటల బువ్వ

సాయంత్రం నాలుగవుతుంది. మధ్యాహ్నం నిద్ర లేచిన రెండేళ్ల పిల్ల వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడుతుంది. ఆ వేళకు పొయ్యి మీద ఏమీ ఉండదు. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయి ఉంటుంది, రాత్రి వంటకు ఇంకా పొద్దుంటుంది. పెద్దవాళ్లకు టీ పెట్టే సమయం కాబట్టి చెయ్యి అలవాటుగా బిస్కెట్ల డబ్బా మీదికి పోతుంది. ఒకటి టీలో ముంచి నోట్లో పెడతారు, రెండోది చేతికిస్తారు. పిల్ల ఊరుకుంటుంది. ఆ తిన్నదాన్ని ఎవరూ తిండి లెక్కలో వేయరు. ఈ రోజు పిల్ల ఏం తిన్నదని ఎవరైనా అడిగితే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెరుగన్నం అని చెబుతాం, నాలుగు గంటల సంగతి గుర్తుకే రాదు. చిరుతిండి అనే మాటలో ఉన్న 'చిరు' దాన్ని మన లెక్కలోంచి తప్పించేసింది. పిల్లల్ని బుజ్జగించడానికి పెట్టేదాన్ని తాయిలం అంటాం. పసివాళ్ల చిరుతిండిని కూడా మనం తాయిలంగానే చూస్తున్నాం. కడుపు నింపడానికి వేరే పూటలున్నాయి, ఇది సరదాకో ఏడుపు మాన్పడానికో అనుకుంటాం. పెద్దవాళ్ల విషయంలో ఆ లెక్క సరిపోతుందేమో. ఏడాది నిండి మూడేళ్లు దాటని పిల్లల విషయంలో మాత్రం సరిపోదు. వాళ్లకు పూటకూ పూటకూ మధ్య తినేది కూడా ఒక చిన్న భోజనం. దాన్ని భోజనంగా చూడటం మొదలుపెడితే ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి అనే ప్రశ్నలన్నింటికీ జవాబులు మన వంటింట్లోనే దొరుకుతాయి.

ముందు కడుపు సైజు చూద్దాం. పసివాళ్ల పొట్ట ఒక పూటకు పట్టేది వాళ్ల బరువులో కిలోకు సుమారు 30 గ్రాములని పోషకాహార నిపుణుల అంచనా. పది కిలోల పిల్లకు అది 300 గ్రాములు. నెయ్యి వేసి మెత్తగా కలిపిన పప్పన్నంతో ఆ పొట్ట పూర్తిగా నింపినా 350 కేలరీలకు మించదు. పూటపూటకూ పొట్ట నిండా తినే పసివాళ్లు అరుదు. మామూలుగా అందులో సగమో, సగానికి కాస్త ఎక్కువో తింటారు. ఈ వయసు పిల్లలకు రోజుకు కావలసింది సుమారు వెయ్యి కేలరీలు. మూడు పూటలా బాగానే తిన్న రోజు కూడా ఆరేడు వందలే అందుతాయి. మిగిలినది తల్లిపాల నుంచో, గ్లాసు పాల నుంచో, మధ్యలో తినే వాటి నుంచో రావాలి. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, దానికి తోడు ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఈ లెక్కనే. అంటే పసివాళ్ల తిండిలో నాలుగో వంతు దాకా మనం లెక్కలో వేయని ఆ చిన్న పూటల నుంచే వస్తోంది. అది మైదా, చక్కెర, పామాయిలు అయితే పిల్ల శరీరంలో నాలుగో వంతు వాటితోనే కడుతున్నట్టు.

మన పిల్లలకు దేనిలో లోటుందో కూడా తెలుసు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో అది 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రలో 31 శాతం. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో తగినన్ని సార్లు, తగినన్ని రకాల తిండి అందుతున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 11 మంది మాత్రమే. ఈ చివరి అంకె మీద కాసేపు ఆగాలి. దేశంలో పేదరికం ఎంత ఉన్నా నూటికి 89 ఇళ్లలో తిండి గింజలు లేవని ఎవరూ అనరు. బియ్యం ఉంది, రేషనూ ఉంది. పసివాళ్ల గిన్నెలోకి రానివి పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు. వచ్చినా పలచగా వస్తాయి. పప్పు మీద తేరిన కట్టును అన్నంలో పోసి పప్పన్నం పెట్టామనుకుంటాం. బలమంతా గిన్నె అడుగున పెద్దల వాటాకు మిగులుతుంది. మేమూ బిస్కెట్లు తినే పెరిగాం, మాకేమైంది అనేవాళ్లకు నా జవాబు ఈ అంకెల్లోనే ఉంది. ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి రక్తం తక్కువగా ఉన్న చోట పైకి మామూలుగా కనిపించడం బాగుండటం కాదు. ఇనుము లోపం మొదట పైకి కనిపించదు. పిల్ల త్వరగా అలసిపోతుంది, చికాకుపడుతుంది, ఆకలి మందగిస్తుంది. మెదడు వేగంగా ఎదిగే ఈ రెండు మూడేళ్లలో ఆ లోటు నేర్చుకునే శక్తినే తగ్గిస్తుంది.

ఇప్పుడు ఆ నాలుగు గంటల బిస్కెట్ల సంగతి. మామూలు గ్లూకోజ్ బిస్కెట్ బరువులో దాదాపు నాలుగో వంతు చక్కెర. నాలుగు బిస్కెట్లు ఇరవై గ్రాములనుకుంటే పిల్లకు 90 కేలరీలు, ఐదు గ్రాముల చక్కెర, గ్రాము పైచిలుకు మాంసకృత్తులు అందుతాయి. ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు పెడితే 120 కేలరీలు, ఆరు గ్రాములకు పైగా మాంసకృత్తులు, వాటితో పాటు విటమిన్ ఏ, బి12, కోలిన్ వస్తాయి.  టీలో ముంచితే నష్టం ఇంకో మెట్టు పెరుగుతుంది. టీలోని టానిన్లు గింజల్లోనూ పప్పుల్లోనూ ఆకుకూరల్లోనూ ఉన్న ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. అసలే ఇనుము తక్కువైన పిల్లకు ఉన్నది కూడా దక్కదు. పాలదీ కొంతవరకు ఇదే కథ. పాలు మంచివే. కానీ వాటిలో ఇనుము దాదాపు ఉండదు. రోజుకు అరలీటరు దాటితే పొట్ట నిండిపోయి పిల్ల అన్నం ముట్టదు. తినడం లేదు కదా, కనీసం పాలైనా తాగనీ అని ఇంకో సీసా ఇస్తాం. ఆ సీసా వల్లే తినడం లేదన్న సంగతి గమనించం.

ఏదో ఒకటి, ఎంతో కొంత లోపలికి పోతే చాలు కదా అనే మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. దాని వెనక ఉన్నది నిర్లక్ష్యం కాదు, భయం. మొదటి ఏడాదిలో బిడ్డ బరువు పుట్టినప్పటికి మూడింతలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. అది ప్రకృతి. కానీ నిన్నటి దాకా ఆవురావురుమని తిన్న బిడ్డ ఇవాళ నాలుగు ముద్దలకే మొహం తిప్పుకుంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది. అమెరికాలో లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు పూటపూటకూ తిన్నది లెక్కగట్టి 1991లో ప్రచురించింది. ఒక పూటకూ ఇంకో పూటకూ తినే కేలరీల్లో మూడో వంతు దాకా హెచ్చుతగ్గులున్నాయి. రోజు మొత్తం లెక్కేస్తే ఆ తేడా పదో వంతుకు పడిపోయింది. పొద్దున తక్కువ తిన్న పిల్ల ఆ లోటును తర్వాతి పూటల్లో తనే పూడ్చుకుంటోంది. పూట చూసి కంగారు పడకుండా రోజును చూడాలని, రోజును కూడా వారంలో భాగంగా చూడాలని ఈ లెక్క చెబుతుంది. ఆ పూడ్చుకునే పూటకు మనం బిస్కెట్లు అడ్డం పెడితే పిల్ల వాటితోనే పూడ్చుకుంటుంది. అప్పుడు ఆకలి తీరుతుంది, లోటు తీరదు.

పిల్లలకు కావలసింది వాళ్లకే తెలుస్తుంది కదా, అడిగిందే పెడదాం అని ఇక్కడ ఇంకొకరు అనవచ్చు. ఈ వాదనకు తరచూ ఆధారంగా చూపే ప్రయోగం ఒకటుంది. క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920లలో అమెరికాలో మొదలుపెట్టి, అప్పుడే పాలు మాన్పిన 15 మంది పసివాళ్లకు ఏళ్ల తరబడి తిండిని వాళ్ల ఇష్టానికే వదిలేసింది. ఎదురుగా రకరకాల పదార్థాలు పెట్టేవాళ్లు. నర్సు చెంచా పట్టుకుని ఊరికే కూచోవాలి. బిడ్డ చెయ్యి చాచి చూపిస్తేనే నోట్లో పెట్టాలి. ఎవరి తీరు వాళ్లదిగా, కొన్నిసార్లు విచిత్రంగా తిన్నా పిల్లలందరూ ఆరోగ్యంగా పెరిగారు. దీన్ని చదివి పిల్లల నాలుక తప్పు చేయదనుకునేవాళ్లున్నారు. ఆ ప్రయోగంలోని కీలకాన్ని డేవిస్ 1939లో తనే రాసింది. పిల్లల ముందు పెట్టిన 34 పదార్థాల్లో చక్కెర గానీ, మిల్లులో తెల్లగా పట్టిన పిండి గానీ, డబ్బాలో వచ్చిన తిండి గానీ లేవు. అన్నీ ఇంటి తిండికి పనికొచ్చే మామూలు సరుకులే. వాటిలోంచి పిల్లలు ఏది ఎంచుకున్నా మంచిదే ఎంచుకున్నట్టయింది. పళ్లెంలో ఏముండాలన్నది పెద్దల చేతిలో ఉంటుంది, అందులో ఎంత తినాలన్నది పిల్లల చేతిలో ఉంటుంది. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు తర్వాత ఇదే విభజనను తల్లిదండ్రులకు ఒక సూత్రంగా బోధించింది. మన ఇళ్లలో ఇది తరచూ తారుమారవుతుంది. ఏం తినాలో పిల్ల నిర్ణయిస్తుంది, ఎంత తినాలో మనం బలవంతంగా కుక్కుతాం.

ఇక పళ్లెంలో ఏముండాలి. పసివాళ్ల చిరుతిండి కోసం కొత్తగా ఏదో కనిపెట్టాలనుకోవడంతోనే కష్టం మొదలవుతుంది. తెలుగువాళ్ల వంటింట్లో రోజూ తయారయ్యేవాటిలో సగం ఆ చిన్ని చేతికి సరిపోయేవే. పొద్దున వేసిన పెసరట్టులో ఒకటి అల్లం, మిర్చి లేకుండా మెత్తగా వేసి పక్కన పెడితే, సాయంత్రం దాన్ని వేలెడు పొడవు ముక్కలుగా చించి ఇవ్వవచ్చు. పొట్టుతో నానిన పెసల మాంసకృత్తులు, ఇనుము అందులో ఉంటాయి. పిల్ల తన చేత్తో తను పట్టుకుని తింటుంది. పక్కన ఒక పండు ముక్క ఉంటే దానిలోని విటమిన్ సి వల్ల ఆ ఇనుము బాగా ఒంటపడుతుంది. జామపండులో ఆ విటమిన్ బత్తాయిలో కంటే కొన్ని రెట్లు ఎక్కువ. గింజలున్న మధ్యభాగం తీసేసి, పండినది చూసి, చెంచాతో గీకి పెట్టాలి. మినపకుడుము, ఇడ్లీ కూడా అంతే. ఇడ్లీ ముక్క మీద కాస్త నెయ్యి, పైన పుట్నాల పొడి చల్లితే అదొక పూట. రాయలసీమలో ఉగ్గాణి ఉంది. బొరుగుల్ని నీళ్లలో నానబెట్టి పిండి, పుట్నాల పొడి కలిపి చేసే ఆ వంటకం, మిరపకాయ తీసేస్తే, పళ్లు పూర్తిగా రాని నోటికోసమే పుట్టినట్టుంటుంది. అటుకులు పెరుగులో నానబెట్టి అరటిపండు మెదిపినా అదే మెత్తదనం. కోస్తాలో చిలగడదుంప, సీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ అని పిలిచే దుంపను కుక్కరులో అన్నంతో పాటే ఉడికించవచ్చు. పసుపుపచ్చ, నారింజ రంగు గుజ్జున్న రకాల్లో విటమిన్ ఏ గా మారే పదార్థం ఉంటుంది. తియ్యదనం దానికదే ఉంటుంది కాబట్టి ఏమీ కలపక్కర్లేదు. వేసవిలో ముంజలు పై పొర తీసి చిన్న ముక్కలు చేసి, మామిడిపండు గుజ్జు తీసి, బొప్పాయి మెదిపి పెట్టవచ్చు. ఆదివారం మాంసం వండుకునే ఇంట్లో మెత్తగా ఉడికిన కార్జం ముక్క ఒకటి మెదిపి అన్నంలో కలిపితే, అంత ఇనుము ఏ ఆకుకూర నుంచీ అంత తేలిగ్గా ఒంటికి అందదు.

రాగుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వాటికి దక్కుతున్న పొగడ్త ఎక్కువ, సరిగ్గా వండటం తక్కువ. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. పాలలో అంతే బరువుకు ఉండేది అందులో మూడో వంతు. అయితే రాగుల్లో ఫైటేట్లు అనే పదార్థాలు కూడా ఉంటాయి. అవి కాల్షియాన్ని, ఇనుమును పట్టి ఉంచుతాయి. నానబెట్టి మొలకెత్తిస్తే ఆ పట్టు సడలుతుంది. మొలకకు ఇంకో గుణం కూడా ఉంది, పసివాళ్లకు అసలు ఉపయోగం దానిలోనే. మామూలు రాగిపిండితో జావ కాస్తే రెండు చెంచాలకే చిక్కబడుతుంది. మింగలేదని నీళ్లు పోస్తాం. గిన్నె నిండుతుంది, అందులో తిండి తగ్గుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అందువల్ల మొలకరాగి పిండితో కాచిన జావ పలచగా జారుతుంది. అదే గిన్నెలో, అదే పలచదనంతో, ఎక్కువ పిండి పట్టించవచ్చు. చిన్న పొట్టలో ఎక్కువ బలం పెట్టడమనే సమస్యకు ఇంతకంటే చక్కని పరిష్కారం ఏ ఫ్యాక్టరీలోనూ లేదు. రాగుల్ని రాత్రంతా నానబెట్టి, కడిగి, తడిబట్టలో మూటకట్టి, మొలక తెల్లగా కనిపించాక నీడన ఆరబెట్టి, సన్నని సెగ మీద దోరగా వేయించి పట్టించుకోవాలి. అర కిలో చేసుకుంటే ఒక బిడ్డకు చాలా రోజులొస్తుంది. జావ పూర్తిగా ఉడికాక ఒక చెంచా నెయ్యి వేస్తే మరో 45 కేలరీలు, ఒక చెంచా వేయించిన వేరుశనగల మెత్తని పొడి కలిపితే మాంసకృత్తులు కూడా చేరతాయి. ఈ వయసులో కొవ్వుకు భయపడవలసిన పని లేదు. మెదడు కట్టుకునేదే కొవ్వుతో.

ఇవన్నీ చేసే తీరికెక్కడిది అనే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. తల్లీ తండ్రీ పనికి పోతారు. పిల్ల నానమ్మ దగ్గరో, పక్కింటివాళ్ల దగ్గరో, డేకేర్‌లోనో ఉంటుంది. కూలికి వెళ్లే తల్లి సాయంత్రం ఆరింటికి గానీ రాదు. ఐదు రూపాయల ప్యాకెట్టు చింపితే చాలు, గిన్నె తోమే పని కూడా లేదు. అందుకే ఇక్కడ చెప్పినవాటిలో సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగించాల్సింది జావ తప్ప ఒక్కటీ లేదు. గుడ్డు, గడ్డ పొద్దున అన్నంతో పాటే ఉడుకుతాయి. పెసరట్టు పెద్దవాళ్ల టిఫినులోంచి విడదీసింది. పుట్నాల పొడి, పల్లీల పొడి, మొలకరాగి పిండి పది పదిహేను రోజులకోసారి చేసి డబ్బాలో పోసుకునేవి. పెరుగు ఎలాగూ ఉంటుంది. ఎండాకాలంలో పొద్దున వండింది సాయంత్రం దాకా బయట ఉంచకూడదు కాబట్టి ఫ్రిజ్ లేని ఇంట్లో అరటిపండు, అప్పటికప్పుడు నానే అటుకులు, పొడులే సులువు. ఖర్చు మాటకొస్తే, బాదం, పిస్తా, దిగుమతి పళ్లు లేకపోతే బిడ్డకు బలం రాదన్న భ్రమే ఖర్చును పెంచుతోంది. పల్లీలు, పుట్నాలు, గుడ్డు, కాలానికి దొరికే పండు వాటికేమీ తీసిపోవు. అంగన్‌వాడీలో మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిసిన ఆ పిండిలో నూరు గ్రాములకు 400 కేలరీలకు పైగా, పదకొండు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దాన్ని ఇంటిల్లిపాదీ టిఫిను చేసుకోకుండా ఆ బిడ్డకే దక్కనిస్తే నాలుగు గంటల పూట సగం తీరినట్టే. చక్కెర అందులో ముందే ఉంది కాబట్టి పైన మళ్లీ కలపకూడదు.

చక్కెర వద్దంటే వెంటనే బెల్లం ముందుకొస్తుంది. బెల్లంలో ఖనిజాలు కొన్ని ఉన్న మాట నిజం. కానీ దాని బరువులో చాలా భాగం చక్కెరే, పంటి మీద అది చేసే పనీ చక్కెర చేసేదే. ఇనుము కోసం బెల్లం మీద ఆధారపడాలంటే పిల్ల తినకూడనంత బెల్లం తినాలి. తీపి మరిగిన నాలుకకు పప్పు, కూర చప్పగా తోస్తాయి. అసలు బాధ అది. రెండేళ్ల దాకా కలిపిన తీపి ఏదీ లేకుండా గడిపితే అరటిపండు, సపోటాల తీపే ఆ పిల్లకు మిఠాయిలా ఉంటుంది. తర్వాత పండగకో సున్నుండ ముక్క, అరిసె ముక్క పెడితే ఏ నష్టమూ లేదు. మినుములు, నెయ్యి కలిసిన సున్నుండ మిగతా మిఠాయిల కంటే ఎంతో నయం. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె నాకించడం ప్రమాదమని గట్టిగా చెప్పాలి. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఆ వయసు పేగుల్లో విషం పుట్టించగలవు.

ప్యాకెట్ల మీద రాసే మంచి మాటల సంగతీ ఇలాంటిదే. పిల్లల ఆహారమని ముద్ర వేసుకున్న వాటిని నమ్మడం సహజం. స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఒక నివేదిక వెలువరించింది. భారత్‌లో అమ్మే నెస్లే వారి సెరిలాక్ రకాల్లో ఒక్కో పూట కొలతకు సగటున మూడు గ్రాముల దాకా కలిపిన చక్కెర ఉందని, అదే కంపెనీ బ్రిటన్, జర్మనీల్లో అలాంటి రకాలను చక్కెర కలపకుండా అమ్ముతోందని చెప్పింది. భారత నిబంధనల ప్రకారమే తయారు చేస్తున్నామని, కొన్నేళ్లుగా చక్కెర తగ్గిస్తున్నామని కంపెనీ జవాబిచ్చింది. తర్వాత శుద్ధి చేసిన చక్కెర లేని రకాలను ఇక్కడా తెచ్చింది. రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలివ్వడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం, 2003లో చేసిన సవరణ నిషేధించాయి. బిస్కెట్టు, చిరుధాన్యాల పఫ్, పండ్ల రసం ఆ చట్టం కింద శిశు ఆహారాలు కావు. ఆ పసివాళ్ల చేతిలోకి వచ్చేవి మాత్రం అవే. ప్యాకెట్టు ముందు వైపు రాగి, జొన్న బొమ్మలుంటాయి. వెనక వైపు చిన్న అక్షరాల్లో సరుకుల జాబితా బరువు ఎక్కువున్న వాటి నుంచి తక్కువున్న వాటికి వరసగా ఉంటుంది. మొదటి మూడింటిలో చక్కెర, గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, పామాయిలు కనిపిస్తే, ముందు వైపు ఏ ధాన్యం బొమ్మ ఉన్నా అది పసివాళ్ల తిండి కాదు.

ఉక్కిరిబిక్కిరయ్యే ప్రమాదం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఏది పెట్టామన్నదానితో సమానంగా ఏ ఆకారంలో పెట్టామన్నదీ ముఖ్యం. వెనక దంతాలన్నీ రావడానికి రెండున్నరేళ్లు దాటుతుంది. ఆ తర్వాత కూడా నమలడం చాలాకాలం సరిగా రాదు. శ్వాసనాళం సన్నగా ఉంటుంది. గుండ్రంగా, గట్టిగా, జారే గుణంతో ఉన్నదేదైనా అందులో బిరడాలా పడుతుంది. పల్లీ గింజ, శనగ గింజ, పుట్నాల పప్పు, పాప్‌కార్న్, చేగోడీ ముక్క, జంతిక ముక్క, సీతాఫలం గింజ, నేరేడు గింజ, రేగిపండు గింజ, నిలువునా కోయని ద్రాక్ష ఇవన్నీ మన ఇళ్లలో కింద దొర్లుతూ ఉండేవే. ఊపిరితిత్తిలోకి పోయిన పల్లీ గింజ అక్కడి తడికి ఉబ్బి దారి మూస్తుంది. ఐదేళ్లు వచ్చేదాకా గింజలు గింజలుగా ఇవ్వకూడదు. పొడిగా, ముద్దగా ఇవ్వాలి. కూచోబెట్టి పెట్టాలి. పరిగెడుతుంటే వెనకాలే తిరుగుతూ, ఏడుస్తుంటే నోరు తెరిచిన అదనుచూసి, పడుకోబెట్టి పెట్టకూడదు. ఉప్పు సంగతి ఒక్క మాట. ఈ వయసుకు రోజు మొత్తం మీద రెండు గ్రాములు, అంటే పావు చెంచాకు కాస్త ఎక్కువ ఉప్పు దాటకూడదు. ఒక పచ్చడి ముద్ద, ఒక చిప్స్ ప్యాకెట్టు ఆ కోటాలో చాలా భాగం తినేస్తాయి.

పెరుగు పెడితే జలుబు, అరటిపండు పెడితే కఫం, గుడ్డు వేడి, పల్లీలు పైత్యం అనే మాటలు పెద్దవాళ్ల ప్రేమలోంచి వచ్చినవే. కానీ వాటిని తు.చ. తప్పకుండా పాటిస్తే పిల్ల పళ్లెంలో మిగిలేది అన్నం, బిస్కెట్టు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. జలుబులో ఉన్న పిల్లకు తిండి ఇంకా ఎక్కువ కావాలి. పల్లీల విషయంలో అయితే ఆలస్యంగా పెట్టమన్న తన పాత సలహాను శాస్త్రమే మార్చుకుంది. లండన్‌లో 640 మంది పసివాళ్లతో చేసి 2015లో ప్రచురించిన లీప్ అధ్యయనంలో, ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లల్లో తొలి ఏడాదిలోనే పల్లీ పదార్థాలు తినడం మొదలుపెట్టినవాళ్లకు, వాటికి దూరంగా ఉంచినవాళ్లతో పోలిస్తే, ఐదేళ్ల నాటికి పల్లీ ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. ఒంటి మీద ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి. మిగిలినవాళ్లకు ఆలస్యం చేయడం వల్ల మేలు లేదు.

ఇంతా చేసి వేళ తప్పితే ఫలితం ఉండదు. చిరుతిండి పెడితే రాత్రి అన్నం తినదు అనే ఫిర్యాదు నిజమే. అది తిన్న పదార్థం తప్పు కాదు, తిన్న వేళ తప్పు. భోజనానికి రెండు గంటల ముందు ఆగిపోతే ఆకలి మళ్లీ పుడుతుంది. రోజంతా చేతిలో ఏదో ఒకటి ఉంచుకుని కొరికే పిల్లకు ఎప్పుడూ నిండా ఆకలి కాదు, ఎప్పుడూ నిండా కడుపు నిండదు, పళ్ల మీద తీపి ఎప్పుడూ పోదు. బహుమతిగా పెట్టడం గురించి కూడా ఆలోచించాలి. ఇది తాగితే అది ఇస్తామని ఆశపెట్టిన పిల్లలకు ఆ తాగమన్న పానీయం మీదే అంతకుముందు కంటే ఇష్టం తగ్గిందని బర్చ్ బృందం 1984లో చూపింది. కూర తింటే చాక్లెట్ ఇస్తానంటే కూర కష్టమైన పనని, చాక్లెట్ దాని కూలి అని పిల్ల నేర్చుకుంటుంది. కొత్త రుచి నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు నాలుకకు తగలాలి. మూడోసారికే మా పిల్లకు పెసరట్టు పడదని తీర్మానించడం తొందరపాటు. ఒత్తిడి లేకుండా, ఒక చిన్న ముక్క, పెద్దవాళ్లూ పక్కన కూచుని తింటుండగా, మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. ఫోను చూపిస్తూ పెడితే ఎక్కువే పోతుంది. కానీ తను ఏం తింటోందో, ఎప్పుడు నిండిందో పిల్లకు తెలియదు. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టినప్పుడు తల్లి మొహం బిడ్డ వైపే ఉండేది, ఆ బిడ్డ నోరు మూసుకుంటే ఆమెకు వెంటనే తెలిసేది.

తాతయ్యలు, అమ్మమ్మలు వీధి నుంచి వస్తూ జేబులోంచి తీసే చాక్లెట్ మీద యుద్ధం అక్కర్లేదు. నాలుగు గంటల పూటను వాళ్ల చేతికే అప్పగిస్తే సరిపోతుంది. గుడ్డు వొలిచి ముక్కలు చేసే పని తాతయ్యది, అటుకులు నానబెట్టే పని అమ్మమ్మది. పిల్ల రెండు ముక్కలు తిని తల తిప్పుకుంటే గిన్నె తీసేయాలి, మూడో ముక్క కోసం బతిమాలకూడదు. రాత్రి అన్నానికి ఇంకా మూడు గంటలుంది. అప్పటికి ఆకలితో తనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడుతుంది.